సాయంకాలం యెవరిది? సత్యవేడు ప్రాంతంలో శ్రామికుని తీరిక చరిత్ర

“పని దిగిన తర్వాత యెక్కడ కూర్చుందాం?”

సత్యవేడు, వరదయ్యపాళెం మండలాలలో 2008లో వెలసిన శ్రీసిటీ కర్మాగారాలలో షిఫ్టు ముగించుకుని బస్సు కోసం నిలబడ్డ యువకులు వొకరినొకరు వేసుకునే ప్రశ్న యిది. చెన్నపట్నంలో అయితే దీనికి సిద్ధంగా వొక జవాబు వున్నది. అక్కడి పెద్ద హోటళ్ళవారు సాయంత్రం పూట కొన్ని గంటలు మద్యం ధర తగ్గించి, ఆ గంటలకు ‘హ్యాపీ అవర్స్’ అని పేరు పెట్టారు. సత్యవేడు చెన్నపట్నం కాదు. తమిళనాడు సరిహద్దు నానుకుని, రెండు భాషలు కలిసి మాట్లాడే చిన్న పట్నం. అక్కడ పనివాడికి సాయంత్రం కూర్చోవటానికి మంచి చోటు దొరుకుతుందా?

విమర్శవ్యాసాల పత్రికలో యింత చిన్న ప్రశ్నకు చోటేమిటని పాఠకులు అనుకోవచ్చు. కాని మనిషి పగలంతా యెలా పనిచేస్తున్నాడో చెప్పే చరిత్ర మనకు కొంతైనా వున్నది. పొద్దుగూకిన తర్వాత అతను యెక్కడ కూర్చున్నాడు, యెవరి పక్కన కూర్చున్నాడు, లేచేటప్పటికి జేబులో యెంత మిగిలింది అనే చరిత్ర మాత్రం యెవరూ వరసగా చెప్పలేదు. అబ్కారీ లెక్కలు వున్నాయి. నిషేధ చట్టాలు వున్నాయి. రెండింటి మధ్యా కూర్చున్న మనిషి యెక్కడా కనపడడు. యీ వ్యాసం ఆ మనిషికోసం వెతుకుతుంది.

ముందుగా ఆ ఇంగ్లీషు మాట సంగతి చూద్దాం. ‘హ్యాపీ అవర్’ అనే మాట యిరవయ్యో శతాబ్దం రెండో దశకంలో అమెరికా నౌకాదళంలో వ్యాప్తికి వచ్చింది. నెలల తరబడి సముద్రం మీద గడిపే నావికులకు విసుగు పుట్టకుండా కుస్తీలు, పాటలు, నాటికలు యేర్పాటు చేసిన గంటకు ఆ పేరు పెట్టారు. అందులో మద్యం ప్రధానం కాదు. తర్వాతి కాలంలో వ్యాపారులు ఆ మాటను తీసుకుని, ఖాళీగా వుండే కుర్చీలను నింపుకునే వుపాయంగా మార్చుకున్నారు. ఆ వుపాయం యెంత దూరం పోయిందంటే అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రం 1984లోనూ, ఐర్లండు 2003లోనూ యీ తగ్గింపు ధరల అమ్మకాన్ని చట్టం ద్వారా నిషేధించవలసి వచ్చింది. పనివాని సంతోషానికి కేటాయించిన గంట అమ్మేవాని లాభపు గంటగా మారిన కథ అది. సరిగ్గా యిటువంటి కథే మన సత్యవేడు చుట్టుపక్కల కూడా జరిగింది. పేర్లు వేరు, అంతే.

1886వ సంవత్సరాన్ని మనం జ్ఞాపకం పెట్టుకోవాలి. ఆ యేడు మే నెలలో చికాగో కార్మికులు యెనిమిది గంటల పనిదినం కోసం సమ్మెకట్టి రక్తం ధారపోశారు. యెనిమిది గంటలు పని, యెనిమిది గంటలు నిద్ర, మిగిలిన యెనిమిది గంటలు మా యిష్టం అన్నది వాళ్ళ కోరిక. అదే 1886లో మద్రాసు ప్రభుత్వం అబ్కారీ చట్టం చేసింది. ప్రపంచంలో వొక మూల శ్రామికుడు తన సాయంకాలం తనకు కావాలని అడుగుతూ వుండగా, మన మూల పాలకులు ఆ సాయంకాలం మీద పన్ను యెలా వసూలు చెయ్యాలో నియమాలు రాసుకున్నారు. రెండు సంఘటనలకూ ప్రత్యక్ష సంబంధం లేదు. అయినా అవి వొకే ప్రశ్నకు రెండు వైపులు: పని ముగిసిన తర్వాత గంటలు యెవరి ఆస్తి?

అప్పటి సత్యవేడు చెంగల్పట్టు జిల్లాలోని వూరు. తాటిచెట్లు, ఈతచెట్లు పుష్కలంగా వున్న సీమ. కల్లు అనేది మొదట యీ చెట్ల కింద పుట్టిన పానీయం. పొద్దున దింపిన కల్లు మధ్యాహ్నానికి పులుస్తుంది, మర్నాటికి పనికిరాదు. అంచేత దాన్ని దూరం తీసుకుపోయి అమ్మటానికి వీల్లేదు. చెట్టెక్కేవాడు, తాగేవాడు, చెట్టు వున్న పొలం అన్నీ వొక్క చోటే వుండవలసిందే. చేలో కోతకోసి వచ్చిన కూలీలు తోపు నీడన ముంతలు ముందు పెట్టుకుని కూర్చునేవారు. వేయించిన శనగలో, యెండుచేపో నంజుకునేవారు. మర్నాటి కూలి యెంత, యే రైతు సరిగా కొలుస్తున్నాడు, యెవరు కుంచం తక్కువ చేస్తున్నారు అన్న మాటలు అక్కడే పుట్టేవి.

అబ్కారీ విధానం యీ తోపును అంగడిగా మార్చింది. గీసే ప్రతి చెట్టుకూ పన్ను పెట్టారు. అంగడి నడిపే హక్కును యేటేటా వేలం వేశారు. వేలంలో యెక్కువ పాడినవాడు ఆ మొత్తం రాబట్టుకోవటానికి యెక్కువ అమ్మాలి. చెట్టెక్కే ఈడిగ, శాణార్ కులాలవారు అతని దగ్గర కూలివాళ్ళయ్యారు. అప్పటివరకూ ఆకలి, దప్పిక, పంట, రుతువు నిర్ణయించిన పానం మీద ఖజానా అవసరం పెత్తనం చేసింది. మధ్య కంట్రాక్టరు లేచాడు. వూళ్ళో పెద్దరికం, రాజకీయాలలో పలుకుబడి అతనికి అలాగే సమకూడాయి. యీ వర్గం పుట్టుక అర్థం చేసుకోకపోతే తర్వాత వచ్చిన సారాయి రాజకీయాలు మనకు అర్థం కావు.

అయినా కల్లంగడిని కేవలం పాపపు గూడుగా చూడటం చరిత్రకు న్యాయం చెయ్యటం కాదు. గురజాడ 1909లో విస్తరించి ప్రచురించిన ‘కన్యాశుల్కం’లో సారాదుకాణం రంగాన్ని వూరికే పెట్టలేదు. వీథిలో వొకరినొకరు తాకని మనుషులు అక్కడ వొక చోట చేరుతారు. బైరాగీ, పోలీసూ వొకే గదిలో నోరు విప్పుతారు. సంఘం మీద మహాకవి చేసిన పరీక్షకు ఆ దుకాణం వొక ప్రయోగశాల. అక్కడ దొంగ వేదాంతం బయటపడుతుంది, కాని కులపు బిగువు కూడా కాస్త సడలుతుంది.

కాస్త మాత్రమే. పల్లెల్లో చాలా కల్లంగళ్ళలో మాలమాదిగలకు వేరే చోటు, వేరే ముంత వుండేవి. కూర్చునే నేల వొకటైనా కూర్చునే దూరం వొకటి కాదు. మరో సంగతి యింకా పెద్దది. మగవాడు అంగట్లో విడిచిన అణాలు యింట్లో భార్య వుడకబెట్టవలసిన గింజలు. ఆమె కూడా అదే చేలో అదే పొద్దు పనిచేసింది. ఆమెకు సాయంకాలం లేదు, పొయ్యి వున్నది. ఏంగెల్సు 1845లో ఇంగ్లండు కార్మికుల జీవితం గురించి రాసిన పుస్తకంలో శ్రామికుని తాగుడుకు మూలం అతని దుర్గుణంలో కాక అలసటలోనూ, కూర్చోవటానికి వీల్లేని యింటిలోనూ వున్నదని వివరించాడు. ఆ మాట నిజం. అయితే ఆ యింట్లో యింకొక మనిషి కూడా అంతే అలసిపోయి వున్నదని మన అభ్యుదయవాదులు చాలాకాలం గట్టిగా చెప్పలేదు.

కాబట్టి పని తర్వాత కూర్చునే చోటు మంచిదా చెడ్డదా అని తేల్చటానికి నాలుగు పరీక్షలు పెట్టుకుందాం. అక్కడ కులం అడగకుండా కూర్చోనిస్తారా? లేచి వచ్చేటప్పటికి కూలిడబ్బు మిగులుతుందా? ఆడమనిషి కూడా వచ్చి కూర్చోగలదా? భయం లేకుండా మాట్లాడుకోవచ్చునా? కల్లంగడి నాలుగో పరీక్షలో నెగ్గింది, మొదటిదానిలో సగం నెగ్గింది, రెండు మూడింటిలో వోడిపోయింది. తర్వాత వచ్చిన చోట్లను కూడా యీ గీటురాయి మీదే గీసి చూద్దాం.

1937లో రాజాజీ ప్రభుత్వం సేలం జిల్లాలో మద్యనిషేధం మొదలుపెట్టింది. 1938 అక్టోబరులో దాన్ని చిత్తూరు, కడప జిల్లాలకు విస్తరించింది. అంటే శ్రీకాళహస్తి, పుత్తూరు వైపు అంగళ్ళు మూతబడ్డాయి. చెంగల్పట్టు జిల్లాలో వున్న సత్యవేడులో అంగడి తెరిచే వున్నది. జిల్లా గీతకు అటు యిటు నివసించే కూలీల కాళ్ళు పొద్దుగూకిన తర్వాత యెటు నడిచి వుంటాయో వూహించటం కష్టం కాదు. యీ సీమకు సరిహద్దు జాతకం అప్పుడే మొదలయింది.

నిషేధం వల్ల పోయిన అబ్కారీ రాబడిని పూడ్చుకోవటానికి రాజాజీ 1939లో అమ్మకపుపన్ను చట్టం తెచ్చారు. దేశంలో సాధారణ అమ్మకపుపన్నుకు అదే మొదలు. తాగేవాని దగ్గర మాత్రమే వసూలయ్యే సొమ్ము యిక తాగని వాని వుప్పు పప్పు మీదకు కూడా పాకింది. నిషేధం వున్న జిల్లాల్లో సాయంత్రం వేళ భజనలు, ఆటలు యేర్పాటు చెయ్యటం కూడా అధికారుల పనిలో చేరింది. పాలకులు తమకు తెలియకుండానే వొక సత్యం వొప్పుకున్నారన్నమాట: అంగడి మూస్తే చాలదు, మనిషి కూర్చునే చోటు కావాలి. కాని తాసిల్దారు యేర్పాటు చేసిన భజన యెన్నాళ్ళు సాగుతుంది? యుద్ధకాలంలో గవర్నరు పాలన యీ నిషేధాన్ని పక్కకు నెట్టింది. ఖజానాకు అవసరం వచ్చేసరికి నీతి వెనక్కి తగ్గింది.

యీ కథలో రెండో మలుపు 1948. ఆ వొక్క యేడు మూడు సంగతులు జరిగాయి. ఫ్యాక్టరీల చట్టం వచ్చింది. వారానికి 48 గంటలు, రోజుకు తొమ్మిది గంటలు మించి పనిచేయించరాదని అది శాసించింది. 1922లో వారానికి 60, 1934లో 54 గంటలుగా వున్న హద్దు కార్మికుల పోరాటాల వల్ల అక్కడికి దిగింది. చెన్నపట్నంలో బకింగ్‌హాం, కర్నాటిక్ మిల్లుల కార్మికులు 1918లో మద్రాసు లేబరు యూనియన్ పెట్టుకున్నప్పుడు వాళ్ళ తొలి ఫిర్యాదులలో వొకటి మధ్యాహ్నం అన్నానికి యిచ్చే విరామం చాలటం లేదన్నదే. ముప్ఫయి యేళ్ళ పోరాటం తర్వాత ఆ తీరికకు చట్టం గుర్తింపు దొరికింది. అదే యేడు అక్టోబరు 2 నాటికి మద్రాసు రాష్ట్రమంతటా మద్యనిషేధం పూర్తయింది. అదే యేడు మద్రాసు పౌర గ్రంథాలయాల చట్టం వచ్చింది. స్వతంత్ర భారతదేశంలో అటువంటి చట్టం అదే మొదటిది.

యీ మూడింటినీ కలిపి చూడండి. వొక చట్టం పనివానికి సాయంకాలం యిచ్చింది. రెండోది అతను కూర్చునే పాత చోటు మూసింది. మూడోది కొత్త చోటు చూపించింది. కాగితం మీద యింత పొందికైన పథకం మరొకటి వుండదు. ఆచరణలో యేమయింది? గంటల చట్టం కర్మాగారం గోడ దాటి చేలోకి రాలేదు. సత్యవేడు సీమలో అప్పుడు వున్నదంతా చేలే. గ్రంథాలయం వచ్చిన వూళ్ళో చదువు వచ్చినవాళ్ళు తక్కువ. నిషేధం ఒక్కటే అన్ని వూళ్ళకూ వచ్చింది, పోలీసు లాఠీతో వచ్చింది. గీతకార్మికుల జీవనాధారం పోయింది. పదనీరు దింపి బెల్లం వండుకొమ్మని చెప్పి సహకార సంఘాలు పెట్టారు; అందరి పొట్టలూ నింపటం వాటి తరం కాలేదు. దొంగసారాయి బట్టీలు పొదల్లోకి చేరాయి.

యిక కూర్చునే చోటు సంగతి. కల్లంగడి మూతబడ్డ రోజుల్లో కాఫీహోటలు, టీ అంగడి బాగా పెరిగాయి. కాఫీహోటలు పట్నంలో పరువు గల చోటు. మెరిసే యిత్తడి గిన్నె, గ్లాసు, పొగలు కక్కే డికాక్షను. కాని చాలా హోటళ్ళలో బ్రాహ్మణులకు వేరే గది, మిగిలినవారికి వేరే గది, పంచములకు వాకిలి బయట నిలబడే చోటు. తమిళదేశంలో హోటళ్ళ పలకల మీద కులం పేరు తీసివెయ్యాలని పెరియార్ అనుచరులు 1957లో కూడా ఆందోళన చెయ్యవలసి వచ్చిందంటే కాఫీ వాసన వెనక వున్న మురుగు యెంత లోతో తెలుస్తుంది. రాజ్యాంగం 15వ అధికరణం అంగళ్ళు, హోటళ్ళలోకి అందరికీ ప్రవేశం వుండాలని శాసించింది. 1955లో అస్పృశ్యతా నేరాల చట్టం వచ్చింది. అయినా టీ అంగళ్ళలో రెండు గ్లాసుల పద్ధతి పల్లెల్లో దశాబ్దాలపాటు పోలేదు. సత్యవేడు వంటి సీమలో, శాసనసభ స్థానమే షెడ్యూల్డు కులాలకు కేటాయించిన చోట, గ్లాసు ప్రశ్న చిన్నది కాదు.

టీ అంగడి కాఫీహోటలు కన్నా బీదది, అందుకే కొంత విశాలమైనది. బ్రిటిషు టీ వ్యాపారులు 1903లో చట్టం చేయించుకుని వసూలు చేసిన సెస్సు సొమ్ముతో వూరూరా ప్రచారం చేసి, చేతిలో కప్పు పెట్టి అలవాటు నేర్పారు. లాభంకోసం వచ్చిన అలవాటే, సందేహం లేదు. కాని బెంచీ అక్కడ వున్నది, వార్తాపత్రిక అక్కడ వున్నది. చదవగలిగిన వొకడు పైకి చదువుతుంటే చదవలేని పదిమంది విన్నారు. వొక టీ ఖర్చుతో గంట కూర్చోవచ్చు. భార్య చేతికి వెళ్ళవలసిన కూలిడబ్బు మిగిలింది. ‘యిక్కడ రాజకీయాలు మాట్లాడరాదు’ అని కొన్ని అంగళ్ళలో పలక వేలాడుతూ వుండేది. వద్దని రాయవలసి వచ్చిందంటే మాట్లాడుతున్నారనే అర్థం. రెండో పరీక్షలో, నాలుగో పరీక్షలో టీ అంగడి నెగ్గింది. మొదటిదానిలో మెల్లమెల్లగా, పోరాడిన చోట్ల నెగ్గింది. మూడోదానిలో మాత్రం అది కూడా వోడిపోయింది. ఆ బెంచీ మీద ఆడమనిషి కూర్చోలేదు.

1953లో ఆంధ్రరాష్ట్రం యేర్పడింది. గౌతు లచ్చన్న నాయకత్వంలో గీతకార్మికులు తమ వృత్తి తమకు యిమ్మని ఉద్యమించారు. ప్రభుత్వం నియమించిన రామమూర్తి సంఘం నిషేధం విఫలమైందని, ఎత్తివేయవలసిందని సిఫారసు చేసింది. యీ వివాదం మీదే 1954 నవంబరులో ప్రకాశంగారి ప్రభుత్వం వొక్క వోటు తేడాతో పడిపోయింది. ఆంధ్రకేసరి అంతటివాని ప్రభుత్వం కల్లుముంత తగిలి కూలింది. అయినా నిషేధం కూలలేదు. 1960 ఏప్రిల్ 1న సరిహద్దుల మార్పు చట్టం ప్రకారం సత్యవేడు మద్రాసు రాష్ట్రం నుంచి ఆంధ్రప్రదేశ్‌కు, చిత్తూరు జిల్లాకు వచ్చింది. తిరుత్తణి అటు వెళ్ళింది. భాష గెలిచింది. కూలివాని సాయంకాలం మాత్రం మారలేదు. గీతకు యిరువైపులా నిషేధమే.

మార్పు 1969లో వచ్చింది. ఆంధ్రప్రాంతంలో నిషేధం ఎత్తేశారు. సత్యవేడులో అంగడి తెరుచుకున్నది, పొరుగున ఊత్తుకోటలో మూసి వున్నది. 1971లో తమిళనాడు కూడా తెరిచింది. 1973, 74లలో తిరిగి మూసింది. 1981లో మళ్ళీ తెరిచింది. 1987లో కల్లూ సారాయీ ఆపి సీసా మద్యం మాత్రం వుంచింది. 1995 జనవరిలో ఆంధ్రప్రదేశ్ సంపూర్ణ నిషేధం పెట్టింది, 1997లో ఎత్తివేసింది. ఆ రెండేళ్ళలో పొరుగు రాష్ట్రాల నుంచి సీసాలు దొంగదారిన వచ్చాయి. 1996లో తెలుగుగంగ కాలవ ద్వారా కృష్ణా నీళ్ళు యీ సరిహద్దు దాటి చెన్నపట్నం వైపు ప్రవహించాయి. నీళ్ళు అటు, సారా యిటు. యిద్దరు పాలకుల ఖజానా లెక్కల మధ్య వొక చిన్న సీమ దప్పిక వుయ్యాల వూగింది.

యీ సీమలోనే, నాగలాపురం మండలం సురుటుపల్లిలో, ఆరణినది వొడ్డున శివుడు పడుకుని వుంటాడు. హాలాహలం మింగి సొమ్మసిల్లి పార్వతి వొడిలో తలపెట్టుకున్నాడని స్థలపురాణం. లోకంకోసం విషం మింగిన దేవుడు గనుక జనం దండం పెడతారు. మరి రోడ్డు పక్కన సొమ్మసిల్లిన కూలీ యెవరికోసం మింగాడు? లెక్కలు తీస్తే అతను కూడా లోకంకోసమే మింగాడు. అతను కట్టిన అబ్కారీతో రోడ్లు వేశారు, జీతాలు యిచ్చారు. 1980లలో ‘వారుణివాహిని’ పేరుతో ప్రభుత్వమే సారాయిని పొట్లాలలో పోసి పల్లెలకు పంపింది. పొట్లం వచ్చిన తర్వాత తోపు అక్కరలేదు, అంగడి అక్కరలేదు, పక్కన మనిషి అక్కరలేదు. పళ్ళతో కొరికి నిలబడి మింగవచ్చు. కల్లుతోపులో వున్న వొక్క గుణం, కూర్చుని మాట్లాడుకోవటం, అదీ పోయింది. విషం మిగిలింది.

దీనికి జవాబు 1992లో పొరుగున నెల్లూరు జిల్లా నుంచి వచ్చింది. దూబగుంట స్త్రీలు అక్షరదీపం రాత్రిబడిలో చదువుకున్నారు. తమ బతుకు తామే పాఠంగా చదువుకుని సారాయంగడి మూయించారు. ఆ నిప్పు జిల్లాలు దాటింది. 1993 అక్టోబరు 1న రాష్ట్రమంతటా సారాయి నిషేధం వచ్చింది. యీ ఉద్యమాన్ని నీతి ఉద్యమంగా మాత్రమే చెప్పటం దాన్ని తగ్గించటమే. పగలంతా పనిచేసిన ఆ స్త్రీలు రాత్రిపూట వొకచోట కూర్చున్నారు. యేళ్ళ తరబడి మగవాని సొత్తుగా వున్న సాయంకాలంలో తమ భాగం తాము తీసుకున్నారు. మన నాలుగు పరీక్షలూ పూర్తిగా నెగ్గిన చోటు యీ చరిత్రలో వొకటి వున్నదంటే అది ఆ రాత్రిబడి. దాని ఖర్చు వొక లాంతరు, వొక పలక. సంపూర్ణ నిషేధం రెండేళ్ళకే వెనక్కి పోయింది. రాత్రిబళ్ళూ నిలవలేదు. పాలకులకు వాటిలో యేది యెక్కువ ప్రమాదకరంగా కనిపించిందో పాఠకులే ఆలోచించాలి.

ఆ తర్వాతి కథ మనందరికీ తెలిసిందే. బ్రాందీ షాపు, దాని పక్క పర్మిట్ రూము, పల్లెలో దొంగచాటు బెల్టు షాపు. 2019 అక్టోబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం అంగళ్ళను తానే నడపటం మొదలుపెట్టి పర్మిట్ రూములు ఎత్తేసింది. 2024 అక్టోబరులో లాటరీ తీసి 3,396 అంగళ్ళను తిరిగి ప్రైవేటువారికి యిచ్చింది. యిరవై యేళ్ళ నుంచి తమిళనాడులో ప్రభుత్వ సంస్థే సీసా అమ్ముతున్నది. యెవరు అమ్మాలి, యెంతకు అమ్మాలి, యెంత రాబడి వస్తుంది అని శాసనసభలు గంటల తరబడి వాదించుకున్నాయి. పనివాడు యెక్కడ కూర్చోవాలి అన్న ప్రశ్న మీద మాత్రం వాదన జరగలేదు. పర్మిట్ రూములో యెవరైనా కూర్చోవచ్చు, కులం అడగరు, నిజమే. డబ్బు కులాన్ని అడగదు. ఆ యినపబల్ల ముందు కూర్చున్నవాడు జేబు ఖాళీ అయ్యేవరకే మనిషి. మన నాలుగు పరీక్షలలో అది వొక్కటే నెగ్గుతుంది.

యిప్పుడు మళ్ళీ శ్రీసిటీ బస్సు దగ్గరకు వద్దాం. అక్కడ రైలుపెట్టెలు, పికప్ ట్రక్కులు, చాకొలెట్లు, చల్లయంత్రాలు, సెల్‌ఫోన్లు తయారవుతున్నాయి. చెన్నపట్నానికి 55 కిలోమీటర్ల దూరంలో, చెరువులూ చేలూ వున్న చోట నూతన కార్మికవర్గం లేచింది. సెల్‌ఫోన్లు కూర్చే పెద్ద కర్మాగారంలో పనివారిలో అత్యధికులు స్త్రీలు; చుట్టుపక్కల పల్లెల ఆడపిల్లలు. తల్లులు చేలో వంగారు, కూతుళ్ళు వరసబల్ల దగ్గర నిలబడ్డారు. నెలకు చేతికి జీతం వస్తున్నది, యిది తక్కువ మార్పు కాదు. కాని షిఫ్టు బస్సు వాళ్ళను కర్మాగారం వాకిట్లో యెక్కించుకుని వూరి ముందో, వసతిగృహం ముందో దించుతుంది. రెండు వాకిళ్ళ మధ్య వాళ్ళకు కూర్చునే చోటు లేదు.

1948 చట్టం చేసినవారు యీ విషయం కొంత ఆలోచించారు. 250 మందికి మించి పనిచేసే చోట క్యాంటీన్, 150 మందికి మించిన చోట విశ్రాంతి గది వుండాలని రాశారు. కాని ఆ గది యజమాని గోడ లోపలిది. పనికి పనికి మధ్య వూపిరి తీసుకునే చోటు అది. పని ముగిసిన తర్వాత మనిషి మనిషిగా కూర్చునే చోటు గోడ బయట వుండాలి. దాని వూసు యే చట్టంలోనూ రాలేదు. యిక గంటలే వెనక్కి నడవటం మొదలుపెట్టాయి. 2025 జూన్‌లో రాష్ట్ర మంత్రివర్గం రోజువారీ పనిగంటల హద్దును తొమ్మిది నుంచి పదికి పెంచటానికి ఆమోదం తెలిపింది. వారానికి 48 గంటల హద్దు మారదన్నారు. అయినా రోజులో వొక గంట పోతే పోయేది యే గంట? నిద్ర గంట కాదు, ప్రయాణపు గంట కాదు. సాయంకాలపు గంటే. వెయ్యి చోట్ల ‘సంతోషపు గంట’ బోర్డు కట్టినా, ఆ గంటే లేనివాడికి దానితో పనేమిటి?

అంచేత “యెక్కడ కూర్చుందాం?” అన్న యువకునికి నేను వొక అంగడి పేరు చెప్పలేను. చరిత్ర చూపిన దారి మాత్రం చెప్పగలను. 1957లో కాఫీబోర్డు తన కాఫీహౌసులు మూసి వందలాది పనివారిని వీథిలో పడేసినప్పుడు, ఏ.కె. గోపాలన్ ప్రోత్సాహంతో ఆ పనివారే సహకార సంఘాలు పెట్టుకుని వాటిని తామే నడిపారు. బెంగుళూరులో మొదలై త్రిచూరుకు, అక్కడినుంచి కేరళమంతటికీ అవి విస్తరించాయి. వొక కాఫీ తెప్పించుకుని రెండు గంటలు కూర్చున్నవాణ్ణి లేవమనని బల్లలు అవి. రచయితలు, గుమాస్తాలు, విద్యార్థులు, కార్మికులు, ఆడవాళ్ళు వాటిలో కూర్చున్నారు. వడ్డించేవాడే యజమాని అయితే కూర్చున్నవాడు బరువుగా కనపడడు. శ్రీసిటీ వాకిట్లో, సత్యవేడు బస్టాండులో అటువంటిది వొకటి యెందుకు వుండకూడదు? గ్రంథాలయం పన్ను ప్రజలు కడుతూనే వున్నారు. షిఫ్టు దిగినవాళ్ళు వచ్చే వేళకు తలుపులు తెరిచి వుంచి, రెండు భాషల పత్రికలూ బల్ల మీద పెట్టి, ఆడపిల్లలు నిర్భయంగా వచ్చిపోయేలా దీపాలు వెలిగించటం అసాధ్యమా?

తాగటం తప్పా వొప్పా అన్న తగువు యెనభై యేళ్ళుగా సాగుతున్నది. ఆ తగువులో యిరుపక్షాలూ గెలిచారు, యిరుపక్షాలూ వోడారు. ఖజానా యెప్పుడూ వోడలేదు, సీసా మీద కాకపోతే వుప్పు మీద. వోడినవాడు సాయంకాలం యెక్కడ కూర్చోవాలో తెలియని శ్రామికుడు. అతని కన్నా ముందు వోడినది అతని యింటి ఆడమనిషి. చికాగో కార్మికులు అడిగిన మూడో యెనిమిది గంటలు యింకా మనకు రావలసిన బాకీ. మన కార్మిక సంఘాల కోరికల పత్రంలో జీతం, బోనసు, పనిగంటలతో పాటు వొక వాక్యం చేరాలి: పని దిగిన తర్వాత కులం అడగని, జేబు తడమని, ఆడా మగా పక్కపక్కన కూర్చోగల, నోరు విప్పి మాట్లాడుకోగల వొక చోటు. ఆ వాక్యం చేరిన రోజున సాయంకాలం యెవరిదన్న ప్రశ్నకు జవాబు మొదలవుతుంది.